మధ్యాహ్నానికి బిగుసుకునే చుక్కాని

మార్చి 2, శనివారం

సీజన్ మొదలవుతోందంటే చాలు, అందరికీ నేనే గుర్తొస్తాను. పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. "మాస్టారూ, చుక్కాని కడ్డీ ఇత్తడిది వేయనా, స్టీలుది వేయనా?" "మాస్టారూ, ఓడలో నీళ్ళు తోడే పంపు ఇరుసు మళ్ళీ తుప్పు పట్టింది, చావనా?" నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పంపుల ఫ్యాక్టరీలో లేత్ మీద పని చేస్తాను, అంతే. కానీ ఓడల క్లబ్బులో ఏ భాగాన్ని దేనితో చేయాలన్నది నేను చెప్పాల్సిందే. ఆ ఒక్క చోటైనా నా మాట చెల్లుతోంది కదా అని సంబరపడుతుంటాను.

అక్క కూడా ఫోన్ చేసింది. వెనకాల లేత్ చప్పుడు విని, "మళ్ళీ ఆ బొమ్మ ఓడలేనా?" అంది.

"బొమ్మలు కావే అక్కా. ఒక్కోటి బారెడు పొడవుంటుంది, రిమోట్‌తో నడుస్తుంది. గ్యాసు ఫిరంగుల్లోంచి ఉక్కు గోలీలు కొడతాయి. పక్క చెక్కకి చిల్లు పడితే నిజంగానే మునుగుతుంది."

"మునిగితే?"

"తాడేసి లాగి, ఆరబెట్టి, మళ్ళీ వారం చెరువుకి వెళ్తాం."

"మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఇదే ఆటా? పెళ్ళి కూడా అయింది కదరా," అంది. నవ్వి పెట్టేశాను.

చుక్కాని బుష్‌లు చేశాను ఈ రోజు. ఓడ అడుగున కడ్డీ దూరే చిన్న గొట్టం ఇది. ఇత్తడిది వేస్తే ఇసుకకి అరిగి వదులైపోతుంది. అందుకే ఎసిటాల్ అనే గట్టి తెల్ల ప్లాస్టిక్ కడ్డీ తెచ్చి చేస్తాను. అది నీళ్ళు తాగదు, నూనె అడగదు, ఏళ్ళ తరబడి ఉంటుంది. క్లబ్బులో వాళ్ళందరికీ చేయగా ఒక్క ముక్క మిగిలింది. అది నా ఓడకి వేసుకున్నాను. మా ఆవిడ ఓడకి అలమరలో పడున్న నైలాన్ కడ్డీతో చేశాను. పక్కపక్కన పెడితే రెండూ తెల్లగా ఒకేలా ఉంటాయి. కొత్త సరుకు రాగానే మార్చేస్తాను. తాత్కాలికం అన్నమాట. చెప్పి ఆవిడ బుర్ర పాడు చేయడం ఎందుకు?

కిందటి సీజన్లో నా ఓడని ఆవిడ నాలుగైదు సార్లు ముంచింది. ముంచితే ముంచింది. క్లబ్బుకి కొత్తగా వచ్చిన ఒకాయనకి నన్ను చూపిస్తూ, "ఈయన ఆవిడ మొగుడండీ" అన్నారు. ఆ సంగతికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మార్చి 3, ఆదివారం

మొదటి యుద్ధం. పొద్దున ఆవిడ నా ఓడ పక్కకి వచ్చి, రెండు గోలీలు దించి, నేను తిరిగేలోపు జారుకుంది. ఎప్పట్లాగే.

మా క్లబ్బులో ఒక నియమం ఉంది. పొద్దున నీళ్ళలో దించిన ఓడని మునిగితే తప్ప సాయంత్రం దాకా ఒడ్డుకి ఎత్తకూడదు. చిల్లులు పడితే నీళ్ళలోనే ఉంచి అతుకు వేసుకోవాలి. కమాండర్ పెట్టిన నియమం ఇది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, మా అధ్యక్షుడు, టోపీ తీయడు.

మధ్యాహ్నం ఆవిడ ఓడ మలుపు తిరగడానికి ఆలస్యం చేసింది. ఇంకోసారి కూడా ఆలస్యం చేసింది. నేను వెనక నుంచి వచ్చి ఉన్న గోలీలన్నీ కుమ్మరించాను. ముక్కు మీదుగా మునిగిపోయింది. చిన్నపిల్లాడిలా గెంతాను. నలుగురూ చప్పట్లు కొట్టారు. "మాస్టారు నిద్రలేచాడు రోయ్" అన్నాడు బావమరిది. వాడు ఆవిడ తమ్ముడే, అయినా ఎవరు గెలిస్తే వాళ్ళ పక్షం.

నైలాన్ నీళ్ళు తాగి ఉబ్బుతుందని నాకు తెలుసు. గంటల తరబడి నానితే కడ్డీని పట్టేస్తుందనీ తెలుసు. ఆ చిన్న బుష్‌కి అంత ఉబ్బు వస్తుందా అనుకున్నాను. వస్తుంది. మలుపు చూడగానే అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఫిరంగి మీట నొక్కుతూనే ఉన్నాను.

అయినా గెలుపు గెలుపే.

మార్చి 5, మంగళవారం

హాస్పిటల్లో డ్యూటీ నుంచి రాగానే ఆవిడ ఓడని బల్ల మీద పెట్టి రిమోట్ పట్టుకుంది. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. చుక్కాని వెన్నలా తిరుగుతోంది. తిరక్కేం, రెండు రోజులు ఫ్యాను కింద ఆరింది.

"బాగానే ఉందేంటండీ! మరి నీళ్ళలో ఎందుకు మొరాయించింది? కాస్త మీరు చూడండి."

చూశాను. చూడ్డమంటే చూసినట్టు నటించాను. భూతద్దం కూడా పెట్టాను, నా మొహం.

"ఓడలో ఏం లోపం లేదు," అన్నాను. ఆ క్షణాన ఓడలో నిజంగానే లోపం లేదు. అబద్ధం చెప్పలేదు అని రాసుకుందామనుకున్నాను కానీ పెన్ను ముందుకి సాగడం లేదు.

ఎసిటాల్ సరుకు వచ్చింది. రేపు మారుస్తాను.

మార్చి 8, శుక్రవారం

మార్చలేదు. తీరిక దొరకలేదు.

మార్చి 10, ఆదివారం

మళ్ళీ అదే. పొద్దున ఆవిడ ఓడ పాములా మెలికలు తిరిగింది. మధ్యాహ్నానికి ఎద్దులా మొండికేసింది. రెండు సార్లు ఒడ్డుకి గుద్దుకుంది, ఒకసారి సొంత జట్టు ఓడకే గోలీ తగిలించింది.

"అక్కా, మధ్యాహ్నం తిండి ఎక్కువవుతోందే నీకు!" అని బావమరిది అరిచాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. కళ్ళు మాత్రం రిమోట్ మీదే ఉన్నాయి.

ఇరవై నాలుగున బయటి క్లబ్బు వాళ్ళు మా మీదికి వస్తున్నారు. మా జట్టుకి ముందు నడిచే ఓడ ఆవిడదే అని పోయిన ఏడాదే అనుకున్నాం. కమాండర్ నన్ను పక్కకి పిలిచి, "ఏమైంది మాస్టారూ అమ్మాయికి? ఓడలో ఏదైనా తేడా ఉందా?" అని అడిగాడు.

ఆయన అడిగింది సూటిగానే. నేను చెప్పింది ఇది: "ఓడ చూశానండీ, బాగానే ఉంది. చెయ్యి కాస్త నెమ్మదించినట్టుంది."

ఆవిడ మా వెనకే ఉందని నాకు తెలియదు. టోపీ కింద నుంచి ఆయన కళ్ళు నా భుజం పక్కకి వెళ్తే తిరిగి చూశాను. ఆవిడ తన కుడి చెయ్యిని ఎత్తి చూసుకుంటోంది.

ముందు నడిచే ఓడ నాదే అయింది. ఇంటికి వచ్చే దారిలో "మంచిదేలెండి, మీకు రావాల్సిందే" అంది. నా బుద్ధి గడ్డి తింటోంది. మారుస్తాను. ఈ వారమే మారుస్తాను.

మార్చి 12, మంగళవారం

ఇది రాయకుండా ఉండలేను.

సాయంత్రం ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడి ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని పట్టుకుంది. తాగడం లేదు. అలా పట్టుకుని చూస్తోంది.

"ఏంటది?" అన్నాను.

"వణుకుతోందా చూస్తున్నా."

వాళ్ళమ్మకి వణుకుడు జబ్బు ఉండేది. మా పెళ్ళి నాటికే అత్తగారికి చెంచా పట్టుకోవడం కష్టంగా ఉండేది. చివరి ఏళ్ళలో మా ఆవిడే తినిపించేది. ఆ సంగతులు మా ఇంట్లో ఎవరం ఎత్తం.

"అమ్మకీ ఇలాగే మొదలైందండీ. పొద్దున బాగుండేది. మధ్యాహ్నం అయ్యేసరికి చెయ్యి మాట వినేది కాదు. కుట్టుమిషను దగ్గర కూర్చుని తిట్టుకునేది, మిషను పాడైందని. మేమూ మిషను రిపేరు చేయించాం." గ్లాసు గట్టు మీద పెట్టింది. "నా వయసే అప్పుడు అమ్మకి."

 పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి మాట వినదు. నైలాన్ ముక్క వాళ్ళమ్మ జబ్బుని అచ్చు దించేసింది. దాన్ని లేత్ మీద తిప్పింది నేను.

చెప్పేయాలి. ఇంతకన్నా మంచి సమయం లేదు. నోరు తెరిచాను.

"టీ పెట్టనా?" అన్నాను.

"పెట్టండి," అంది.

పెట్టాను. ఛీ.

మార్చి 14, గురువారం

ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నిన్న చెప్పి ఉంటే ఒక రోజు తగ్గేది. ఇలా ప్రతి రోజూ ఒక రోజు పెరుగుతోంది.

మార్చి 16, శనివారం

హాస్పిటల్లో ఆవిడ పని రక్తం తీయడం. ల్యాబు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, రబ్బరు పట్టీ కట్టి, నరం దొరకబుచ్చుకుని సూది దించుతుంది. దొరకని నరాలున్న వాళ్ళందరినీ ఆవిడ దగ్గరికే పంపుతారు. సూది గుచ్చాక కూడా "ఇంకా గుచ్చలేదా అమ్మా?" అని అడిగిన ముసలివాళ్ళున్నారు. అది చెప్పుకుని పొంగిపోతుంటుంది. ఆవిడకి ఉన్న గర్వం అదొక్కటే.

ఈ రోజు ఒకావిడకి మూడు చోట్ల గుచ్చాల్సి వచ్చిందట. మోచెయ్యి అంతా నీలంగా కమిలిపోయిందట. వాళ్ళ పిల్లలు కేకలేశారట.

"సూది పట్టుకోగానే చెయ్యి వైపే చూస్తున్నానండీ. వణుకుతుందేమో, ఇప్పుడు వణుకుతుందేమో అని. చెయ్యి చూసుకుంటే నరమెలా కనిపిస్తుంది?"

పెద్ద నర్సు ఓదార్చిందట. అయినా మా ఆవిడే అడిగింది, నన్ను లోపల కంప్యూటర్ దగ్గర వేసేయండి, పేర్లు ఎక్కించుకుంటాను అని. తొందరపడకు, బాగా ఆలోచించుకుని ఇరవై ఐదో తారీఖు సోమవారం కాగితం రాసివ్వు అందట ఆ నర్సు. ఒకసారి కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తే మళ్ళీ దొరకదు. అది ఇద్దరికీ తెలుసు.

నేను ఆవిడ పక్కనే కూర్చుని వింటున్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఆ చేత్తోనే కదా ఆ బుష్ చేశాను అని మళ్ళీ తీసేశాను.

మార్చి 19, మంగళవారం

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపలికి ఆవిడ ఒక్కతే వెళ్తానంది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద వెన్నెముక బొమ్మ. చూడలేక నేల చూస్తూ కూర్చున్నాను.

వచ్చి, "ఏమీ కనిపించడం లేదట. మొదట్లో కనిపించకపోవచ్చట. కొన్నాళ్ళు చూద్దాం అన్నాడు" అంది.

"చూశావా, ఏమీ లేదన్నాడు కదా!"

"మొదట్లో కనిపించకపోవచ్చు అన్నాడు," అంది మళ్ళీ. ఆ మాటే పట్టుకుంది. ఎవరైనా అదే పట్టుకుంటారు.

ఆటోలో సగం దారి వచ్చాక "నేను మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టను లెండి, ముందే ఏదైనా హోం చూసుకుంటా" అని నవ్వింది. అది జోకు. నేను కూడా నవ్వాను. సిగ్గుతో చచ్చిపోవచ్చు అంటారు కానీ, చావు రాదు.

మార్చి 23, శనివారం

మార్చేశాను.

ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. ఓడని బోర్లించి, పాత బుష్ పీకి, ఎసిటాల్‌ది దింపాను. ఇంత మంచి బుష్ నా ఓడకి కూడా చేసుకోలేదు. కడ్డీ వేలితో తట్టితే గిర్రున తిరిగింది. చేసింది ఎంత చిన్న పని! టీ తాగినంత సేపు పట్టలేదు. దీనికోసం ఇన్నాళ్ళు తీరిక లేదని రాసుకున్నాను.

రేపు బయటి క్లబ్బు వాళ్ళతో ఆట. సాయంత్రం దాకా చుక్కాని బాగా తిరుగుతుంది. ఆవిడ అదరగొడుతుంది. చెయ్యి బాగానే ఉందని ఆవిడకే తెలుస్తుంది. సోమవారం కాగితం ఇవ్వదు. అంతా సర్దుకుంటుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చాలా రోజులకి అన్నం సయించింది.

మార్చి 24, ఆదివారం

నాలాంటి తెలివైన వెధవ ఇంకెక్కడా ఉండడు.

పొద్దున ఎప్పట్లాగే బాగా ఆడింది. బయటివాళ్ళ పెద్ద ఓడని ముంచింది కూడా. కమాండర్ టోపీ తీసి ఊపాడు. మధ్యాహ్నం ఆట మొదలైనప్పుడు నేను నా ఓడని వదిలేసి ఆవిడ ఓడనే చూస్తున్నాను.

నేను ఆలోచించనిది ఒకటుంది. ఇన్ని వారాలుగా మధ్యాహ్నం అయ్యేసరికి చుక్కాని బిగుసుకుంటుంటే ఆవిడ ఊరుకోలేదు. తన చేతిలోనే లోపముందనుకుని దానికో మందు కనిపెట్టుకుంది. మలుపు ఇంకా దూరంగా ఉండగానే మీట చివరంటా లాగి పట్టుకోవడం నేర్చుకుంది. భోజనాలయ్యాక అలాగే ఆడుతోంది. ఇంట్లో కూర్చుని అభ్యాసం చేసింది కూడా, నేను చూశాను. ఈ రోజు అలాగే లాగింది. చుక్కాని మాత్రం ఈ రోజు స్వేచ్ఛగా ఉంది. ఓడ ఉన్నచోటే గిరుక్కున తిరిగి, పూర్తి వేగంతో వచ్చి కమాండర్ ఓడ నడుముని చీల్చేసింది.

రెండు ఓడలూ మునిగాయి. ఆట పోయింది.

ఎవరూ అరవలేదు. బావమరిది కూడా కిమ్మనలేదు. అరిచినా బాగుండేది. బయటి క్లబ్బులో ఒకాయన మెల్లగా, "ఆవిడ వొంట్లో బాగాలేదా?" అని అడగడం అందరికీ వినిపించింది.

కమాండర్ దగ్గరికి వెళ్ళి ఆవిడ చేతులు జోడించింది. "నాదే తప్పండీ. నా చెయ్యి..." అంది.

"పోనీలేమ్మా, ఓడలన్నాక మునుగుతాయి," అన్నాడాయన. ఆయన గొంతులో జాలి ఉంది. కోపం ఉంటే ఆవిడ తట్టుకునేది.

రిమోట్ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. "ఓడ నువ్వుంచుకో. ఇంక నా వల్ల కాదు."

నేను ఆవిడకి తువ్వాలు అందించాను.  అందరి ముందూ ఎలా చెప్పను అనుకున్నాను. అందరి ముందే ఆవిడ తప్పు ఒప్పుకుంది. తనది కాని తప్పు.

ఇంటికొచ్చాక స్నానం చేసి, తెల్ల కాగితం తీసుకుని, రాసేసింది. నాలుగు లైన్లు. "స్పెల్లింగులు చూడండి" అని నాకే ఇచ్చింది. 'నా ఆరోగ్య పరిస్థితి రీత్యా' అని రాసింది. తప్పులేమీ లేవు అని తిరిగి ఇచ్చేశాను.

పాత నైలాన్ బుష్‌ని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి వేశాను. రేపు ఊరికే నోటితో చెబితే ఆవిడ నమ్మకపోవచ్చు, చూపించాలి. నేను మళ్ళీ వెనక్కి తగ్గకుండా ఉండటానికి కూడా.

మార్చి 25, సోమవారం

చెప్పాను.

ఆవిడ జడ వేసుకుంటోంది. గ్లాసులోంచి బుష్ తీసి, ఒక విడి చుక్కాని కడ్డీ పక్కన పెట్టి, "కడ్డీని దీంట్లోకి దూర్చు" అన్నాను.

"ఇప్పుడా? బస్సు పోతుందండీ."

"దూర్చు."

ప్రయత్నించింది. దూరలేదు. బల్లకి ఆనించి నొక్కింది. సగం దాకా వెళ్ళి పట్టేసింది. వేళ్ళతో తిప్పి చూసింది, బిర్రుగా ఉంది. తెలివైన మనిషి. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే మొహం మారిపోయింది.

"ఇది నా ఓడలోదా?"

"నీ ఓడలోదే. నైలాన్. నీళ్ళలో నానితే ఉబ్బుతుంది. ఆరితే మళ్ళీ మామూలవుతుంది. నిన్న ఉన్నది ఇది కాదు. మొన్న మార్చేశాను. నీకు చెప్పకుండా."

మంచం మీద కూర్చుంది. సగం అల్లిన జడ విప్పుకుంది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మొదటి ఆదివారం నుంచి."

"అంటే అమ్మ సంగతి చెప్పినప్పుడు తెలుసు."

"తెలుసు."

"డాక్టరు దగ్గర బయట కూర్చున్నప్పుడు."

"తెలుసు."

"నిన్న స్పెల్లింగులు చూసినప్పుడు."

తల ఊపాను. 

"గెలవాలని ఉంటే ఒక్క మాట అనాల్సిందండీ. వదిలేసేదాన్ని. ఓడలదేముంది?" అప్పుడు కూడా 'అండీ' అనే అంది. అది మానేసి తిట్టినా బాగుండేది.

నేను ఏదేదో అన్నాను. సరుకు అయిపోయిందన్నాను, తాత్కాలికం అనుకున్నానన్నాను, ఆవిడ మొగుడు అంటుంటే కుళ్ళుకున్నానన్నాను. ఆఖరుది ఒక్కటే అసలు కారణం. క్షమించమని కూడా అన్నాను. ఆవిడ వింటున్నట్టు లేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో చూస్తున్నట్టు చూస్తోంది.

తర్వాత లేచి డ్యూటీ సంచి తెచ్చింది. "చొక్కా చెయ్యి పైకి మడవండి," అంది.

మడిచాను. రబ్బరు పట్టీ కట్టింది. పిడికిలి బిగించమంది. దూదితో తుడిచింది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను. ఆవిడ నరం చూస్తోంది. ఈసారి తన చెయ్యి చూసుకోలేదు. సూది ఎప్పుడు దిగిందో కూడా తెలియలేదు, గొట్టంలో ఎర్రగా కనిపించాకే తెలిసింది.

పట్టీ విప్పి, సూది తీసి, దూది పెట్టింది. "నొప్పి పుట్టిందా?"

"లేదు. అస్సలు లేదు. నిజంగా."

నా మొహంలోకి చూసింది, చాలాసేపు. ఆశగానే చూసిందనిపించింది. తర్వాత ఆ ఆశ పోయింది.

"మీ మాట నమ్మి నేను ఎవరి చెయ్యి పట్టుకోను?" అంది.

జడ మళ్ళీ వేసుకుంది. రాసిన కాగితం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నిజంగానే నొప్పి పుట్టలేదు. ఇక్కడ కూడా రాసుకుంటున్నాను, ఎవరికి ఉపయోగమో తెలియదు.

అదే రోజు, సాయంత్రం

వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. వంటింట్లోకి వెళ్ళింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. ఏమైందని అడగడానికి ముఖం చెల్లలేదు. ఆవిడ చెప్పలేదు.

కాసేపటికి ఆవిడ వంటింట్లోంచి తమ్ముడికి ఫోన్ చేయడం వినిపించింది. మాటలు సరిగా అందలేదు. ఆ తర్వాత వాడే నాకు ఫోన్ చేశాడు. రోజూ ఉండే వెటకారం లేదు. "బావా, అక్క కాగితం ఇవ్వలేదట, చెప్పిందా నీకు?" అన్నాడు. బుష్ సంగతి వాడికి చెప్పలేదని అర్థమైంది. నన్ను ఇంకా బావా అనే అంటున్నాడు.

"లేదు. ఏమైంది?" అన్నాను.

పొద్దున ల్యాబులో ఆవిడ కుర్చీ దగ్గరే నిలబడిపోయిందట, సూది పట్టుకోలేక. పెద్ద నర్సు వచ్చి తనే ఆ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపిందట. ఒక్క పోటుకే నరం దొరికిందట. నొప్పి పుట్టిందా అని అడిగిందట అక్క. లేదే, అందట పెద్ద నర్సు.

ఆవిడ మాట అక్క నమ్మిందట.